విస్తరించే భవనం, విస్తరించని ధ్రువపత్రం

కొడికొండ చెక్‌పోస్టు దాటి జాతీయ రహదారి వెంట బెంగళూరు దిశగా సాగే బస్సు బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా దేవనహళ్లి చేరేసరికి దారి పక్కన ద్రాక్ష తోటలు పలచబడి సైట్ల హద్దురాళ్లు దట్టమవుతాయి. అక్కడే కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం. సరిహద్దు పల్లెల నుంచి గల్ఫ్‌కు బయలుదేరే కూలీ, అమెరికాలోని కొడుకును చూడబోయే తల్లిదండ్రులు, రాత్రి షిఫ్టులో సామాను తోసే యువకుడు అందరూ ఆ ద్వారం గుండానే వెళతారు. 2024-25 ఆర్థిక సంవత్సరంలో అక్కడ రాకపోకలు సాగించిన ప్రయాణికుల సంఖ్య నాలుగు కోట్లు దాటింది. 2008 మే నెలలో పాత హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయం నుంచి పౌర విమానాలు ఇక్కడికి తరలివచ్చినప్పుడు ఉన్న టెర్మినల్ విస్తీర్ణం సుమారు 71 వేల చదరపు మీటర్లు. 2013 డిసెంబరు నాటికి దానిని లక్షన్నర చదరపు మీటర్లకు పెంచారు. అదీ చాలలేదు. రెండవ టెర్మినల్ అవసరమయింది.

ఆ రెండవ టెర్మినల్‌ను 2022 నవంబరు 11న ప్రధానమంత్రి ప్రారంభించారు. 2023 జనవరిలో దేశీయ విమానాలు, అదే ఏడాది సెప్టెంబరులో విదేశీ విమానాలు అక్కడి నుంచి కదిలాయి. మొదటి దశ నిర్మాణం విస్తీర్ణం 2,55,645 చదరపు మీటర్లు. పల్లె లెక్కలో చెప్పాలంటే అంతస్తులన్నీ పరిచి కొలిస్తే 63 ఎకరాలు. వ్యయం సుమారు 5,000 కోట్ల రూపాయలు. లోపల వెదురు తాపిన పైకప్పు, వేలాడే తోటలు, పచ్చని గోడలు. ప్రారంభోత్సవం నాడు ప్రభుత్వ ప్రకటనలో ప్రత్యేకంగా పేర్కొన్న అంశం మరొకటి ఉంది. కార్యకలాపాలు మొదలు కాకముందే అమెరికా హరిత భవన మండలి నుంచి ప్లాటినం స్థాయి ముందస్తు ధ్రువీకరణ పొందిన టెర్మినళ్లలో ప్రపంచంలో ఇదే అతి పెద్దదన్నది ఆ ప్రకటన సారాంశం.

ఈ టెర్మినల్ ఇంకా పూర్తి కాలేదన్నది గమనార్హం. మొదటి దశ సామర్థ్యం ఏటా రెండున్నర కోట్ల మంది. రెండవ దశలో మరో రెండు కోట్ల మందికి చోటు కల్పించాలన్నది ప్రణాళిక. అంటే ఒకసారి హరిత ముద్ర పడిన కట్టడానికే కొత్త కట్టడం అతుకుతుంది. అప్పుడు ఆ ముద్ర ఎవరిది? పాత గోడలదా, కొత్త గోడలదా, రెంటిదా? ఇది వాస్తుశిల్పులకు మాత్రమే సంబంధించిన సందేహంగా కనిపించవచ్చు. కానీ నీటికి, రాతికి, భూమికి, చివరకు సరిహద్దు కుటుంబాలు తమ పిల్లల కోసం బెంగళూరులో కొనే రెండు గదుల ఫ్లాటుకు కూడా దీనితో సంబంధం ఉంది.

ముద్ర ఎలా పడుతుంది?

హరిత భవన ధ్రువీకరణ చట్టం విధించిన నిబంధన కాదు. నిర్మాత స్వచ్ఛందంగా రాసే పరీక్ష. అమెరికా మండలి 1993లో ఏర్పడింది. అది నిర్వహించే లీడ్ పద్ధతిలో మొత్తం 110 పాయింట్లు. 40 వస్తే ఉత్తీర్ణత, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80 దాటితే ప్లాటినం. భారతదేశంలో ఈ విద్యకు పుట్టినిల్లు హైదరాబాదు. భారత పరిశ్రమల సమాఖ్య ఆధ్వర్యంలో భారత హరిత భవన మండలి 2001లో అక్కడే ఏర్పడింది. కొండాపూర్‌లోని సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం 2003లో లీడ్ ప్లాటినం పొందింది. అమెరికా వెలుపల ఆ స్థాయిని అందుకున్న తొలి భవనం అదే. 2004 జులైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దానిని ప్రారంభించారు. గృహ అనే మరో దేశీయ పద్ధతి కూడా ఉంది. దానిని ఢిల్లీలోని టెరి సంస్థ రూపొందించగా కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ ఆమోదించింది.

పాయింట్లు దేనికి ఇస్తారు? స్థలం ఎంపికకు, నీటి పొదుపుకు, విద్యుత్తు పొదుపుకు, సామగ్రికి, లోపలి గాలి వెలుతురులకు. ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కొత్త భవనానికి విద్యుత్తు పాయింట్లు ఇచ్చేది కరెంటు బిల్లు చూసి కాదు, ఎందుకంటే బిల్లు ఇంకా పుట్టనే లేదు. అదే ఆకారంలో, అదే విస్తీర్ణంలో ప్రామాణిక నిబంధనల ప్రకారం కట్టిన ఒక ఊహా భవనాన్ని కంప్యూటర్‌లో నిలబెడతారు. దానికన్నా అసలు భవనం ఎంత తక్కువ శక్తి ఖర్చు చేయగలదో అంచనా వేస్తారు. ఊహా భవనం కన్నా ముప్పై శాతం మేలు అంటే గత ఏడాది కన్నా ముప్పై శాతం తక్కువ అని అర్థం కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే హరిత భవనాల మీద అతిగా మెచ్చుకోళ్లూ, అతిగా నిందలూ రెండూ వస్తున్నాయి.

ముందస్తు ధ్రువీకరణ అన్న మాట దగ్గర కూడా ఆగి చూడాలి. నిర్మాత చూపిన నమూనాలనూ లక్ష్యాలనూ పరిశీలించి, ఇవన్నీ చెప్పినట్టే కడితే ఫలానా స్థాయి వస్తుందని మండలి చెప్పే మాట అది. అర్ధ సంవత్సర పరీక్షలో ప్రథమ శ్రేణి వచ్చిన విద్యార్థికి పబ్లిక్ పరీక్ష ఇంకా మిగిలే ఉంటుంది. చిన్న ప్రకటనల్లో, పెద్ద హోర్డింగుల్లో ఈ రెంటి మధ్య గీత చెరిగిపోతుంది. బెంగళూరులో అపార్టుమెంట్ల అమ్మకాల్లో ఇది మరీ ఎక్కువ.

అతికిన గదికి ఏ నియమం?

ఒక రైతు ఐదెకరాలకు బోరు వేసి, డ్రిప్ పెట్టి, నీటి పొదుపుకు బహుమతి పొందాడనుకుందాం. మరుసటి ఏడు పక్క నాలుగెకరాలు కౌలుకు తీసుకుని అదే బోరుకు గొట్టం కలిపాడు. ఆ బహుమతి పత్రం తొమ్మిదెకరాలకు వర్తిస్తుందా? డ్రిప్ అక్కడా వేశాడా, కాలువ కట్టి పారించాడా అన్నది చూడకుండా ఎవరూ చెప్పలేరు. అసలు చిక్కు ఇంకొకటి. పాత ఐదెకరాల లెక్క కూడా ఇప్పుడు మారిపోయింది, ఎందుకంటే బోరు ఒక్కటే.

లీడ్ నియమాలు ఈ చిక్కును దాదాపు ఇలాగే చూస్తాయి. ధ్రువపత్రం ఒక సరిహద్దుకు చెందినది. దరఖాస్తులో ఏ గోడల వరకు, ఏ నేల వరకు గీత గీశారో అక్కడి వరకే దాని మాట చెల్లుతుంది. తర్వాత అతికిన భాగానికి పాత పత్రం దానంతటది పాకదు. విస్తరణ చేసేవారికి రెండు దారులున్నాయి. కొత్త భాగాన్ని మాత్రమే, పాత భవనాన్ని పూర్తిగా వదిలేసి, వేరుగా నమోదు చేయవచ్చు. లేదా పాతదీ కొత్తదీ కలిపి మొత్తాన్ని ఒకే భవనంగా పరీక్షకు పెట్టవచ్చు. పాతదానిలో సగం, కొత్తదానిలో సగం కలిపి తమకు అనుకూలమైన ముక్కను ఎంచుకోవడం కుదరదు.

మొదటి దారి చూడటానికి సులువు. కానీ వేరుగా నమోదు కావాలంటే వేరుగా కొలవగలగాలి. కొత్త భాగానికి విద్యుత్తు మీటరు వేరు, నీటి మీటరు వేరు, చల్లగాలి పంపే వ్యవస్థ వేరుగా ఉండాలి. కేంద్ర శీతలీకరణ యంత్రాగారం నుంచి చల్లని నీరు వస్తున్నట్లయితే ఆ చల్లదనాన్ని కొలిచే మీటరు కూడా అవసరం. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొయ్యి, మీటరు, బావి వాటా ఎలా తేల్చుకుంటారో అలాగే ఇదీ. విమానాశ్రయ టెర్మినల్‌లో ఇది ఎంత కష్టమో ఊహించవచ్చు. ప్రయాణికుడు పాత భాగంలో ప్రవేశించి కొత్త భాగంలో విమానం ఎక్కుతాడు. మధ్యలో తలుపు లేదు. గాలి ఒకటే, సామాను పట్టీ ఒకటే, మురుగు శుద్ధి కేంద్రం ఒకటే.

రెండవ దారిలో ఈ బాధ లేదు. కానీ అందులో మరో ఇబ్బంది పొంచి ఉంది. పాత భాగాన్ని కూడా మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టాలి, అది కూడా కొత్త పాఠ్యప్రణాళిక మీద. లీడ్ కూర్పులు కాలక్రమంలో కఠినమవుతున్నాయి. అయిదవ కూర్పు 2025 ఏప్రిల్‌లో విడుదలయింది. అందులో ప్లాటినం కోరేవారికి 80 పాయింట్లు తెచ్చుకోవడం ఒక్కటే చాలదు. ఇంధనం కాల్చడాన్ని మానడం, పునరుత్పాదక విద్యుత్తు వాడటం, సిమెంటు ఉక్కుల తయారీలోనే వెలువడిన కర్బనాన్ని తగ్గించడం వంటి షరతులను అదనంగా పాటించాలి. పదేళ్ల క్రితం ప్లాటినం, నేటి ప్లాటినం పేరుకు ఒకటే. విలువకు ఒకటి కావు.

మూడవ దారి కూడా ఒకటి ఉంది. అది కట్టేవారికి కాదు, నడిపేవారికి. భవనం నడుస్తున్న తీరును, అంటే అసలు బిల్లులను, అసలు నీటి వాడకాన్ని, చెత్తను, లోపలి గాలిని చూసి ఇచ్చే ధ్రువపత్రం. దానికి గడువు ఉంటుంది. లీడ్ పద్ధతిలో ఇప్పుడు మూడేళ్లకు ఒకసారి మళ్లీ నిరూపించుకోవాలి. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2009లో కార్యాలయ భవనాలకు ఇవ్వడం మొదలుపెట్టిన నక్షత్రాల గుర్తింపు కూడా చదరపు మీటరుకు ఏటా ఖర్చయిన యూనిట్లను బట్టే ఇస్తారు. విస్తరించిన భవనానికి నిజమైన పరీక్ష ఇదేనని చెప్పడానికి సందేహించనక్కరలేదు. కొత్త నిర్మాణానికి ఇచ్చిన పత్రం పుట్టిన నాటి జాతకం లాంటిది. నడిచే భవనానికి ఇచ్చేది ప్రతి మూడేళ్లకు తీసే రక్తపరీక్ష.

షంషాబాదు అనుభవం

తెలుగునేలపైనే ఇందుకు దగ్గరి ఉదాహరణ ఉంది. 2008 మార్చిలో ప్రారంభమైన షంషాబాదు రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయ టెర్మినల్‌కు లీడ్ సిల్వర్ లభించింది. ఆసియాలో అలాంటి గుర్తింపు పొందిన తొలి టెర్మినళ్లలో అది ఒకటి. అప్పటి సామర్థ్యం ఏటా 1.2 కోట్ల మంది ప్రయాణికులు. తరువాత ఇటీవలి సంవత్సరాలలో దశలవారీగా సాగిన విస్తరణతో సామర్థ్యం 3.4 కోట్లకు చేరింది. పాత టెర్మినల్‌ను కూల్చలేదు, పక్కన విడిగా కట్టలేదు. అదే కట్టడానికి రెండు వైపులా రెక్కలు పెంచారు. 2008 నాటి సిల్వర్ పతకం 2008 నాటి గోడలకు వచ్చింది. ఆ తరువాత వచ్చిన రెక్కల యోగ్యతను వాటికి జరిగే ప్రత్యేక పరిశీలనే తేల్చాలి. టెర్మినల్ మొత్తాన్ని ఒకే పేరుతో పిలవడం ప్రయాణికుడికి అలవాటు. పత్రానికి మాత్రం ఆ అలవాటు లేదు.

దేవనహళ్లిలో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ రెండు దశలు మొదటి నుంచీ ఒకే ప్రణాళికలో భాగం. కనుక రెండవ దశ కోసం గొట్టాలకు, తీగలకు, యంత్రాగారాలకు ముందే చోటు వదిలి ఉంటే విస్తరణ వేళ పగలగొట్టే పని తగ్గుతుంది. ముందుచూపుతో కట్టిన ఇంటికి మిద్దె వేయడానికీ, చూపులేక కట్టిన ఇంటికి మిద్దె వేయడానికీ ఉన్న తేడాయే ఇది. హరిత నిర్మాణంలో అసలు పొదుపు చాలావరకు ఇక్కడే జరుగుతుంది. సౌరఫలకాల ఫోటోలకు వచ్చినంత ప్రచారం దీనికి రాదు.

సగటు తగ్గింది, మొత్తం పెరిగింది

విస్తరణ లెక్కలో అందరూ మరచిపోయే సంగతి ఒకటి ఉంది. ఉదాహరణకు పదివేల చదరపు మీటర్ల భవనం ఏడాదికి పది లక్షల యూనిట్లు వాడుతుందనుకుందాం. చదరపు మీటరుకు వంద యూనిట్లు. దానికి మరో పదివేల చదరపు మీటర్లు జోడించారు. కొత్త భాగం మరింత మెరుగైనది కనుక చదరపు మీటరుకు ఎనభై యూనిట్లతో సరిపెట్టుకుంది. ఇప్పుడు మొత్తం సగటు తొంభై. పదిశాతం మెరుగు. నివేదికలో పచ్చరంగు గీత కిందికి దిగుతుంది. కానీ ఆ ఆవరణలోకి వచ్చే విద్యుత్తు పది లక్షల యూనిట్ల నుంచి పద్దెనిమిది లక్షలకు చేరింది. రెండూ నిజాలే. ఏ నిజాన్ని హోర్డింగు మీద రాస్తారన్నదే తేడా.

విద్యుత్తు విషయంలో దీనికి సమాధానం ఉంది. పునరుత్పాదక విద్యుత్తునే కొంటే పెరిగిన వాడకం వల్ల పొగ పెరగదు. బెంగళూరు విమానాశ్రయం ఆవరణంతా పునరుత్పాదక విద్యుత్తుతోనే నడుస్తోందని 2022 నాటి ప్రభుత్వ ప్రకటనలోనే ఉంది. నీటికి ఆ వెసులుబాటు లేదు. గాలి నుంచీ ఎండ నుంచీ కొత్త నీటిని తయారు చేయలేరు. పెరిగిన ప్రతి బిందెడూ ఎక్కడినుంచో రావాలి.

2024 వేసవిలో బెంగళూరు చవిచూసిన నీటి ఎద్దడి ఇంకా మరపునకు రాలేదు. ఆ మార్చిలో నగర నీటి సరఫరా మండలి తాగునీటిని భవన నిర్మాణానికి, తోటలకు, వాహనాలు కడగడానికి వాడరాదని నిషేధించి, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. నిర్మాణదారులు శుద్ధి చేసిన మురుగునీటి కోసం ట్యాంకర్ల వెంట పడ్డారు. అంతకుముందు ఆ నీరంటే ముఖం తిప్పుకున్నవారే వారు.

ఇక్కడే సరిహద్దు జిల్లాల కథ మొదలవుతుంది. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలకు శాశ్వత నది అంటూ ఏదీ లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటిన ఊళ్లున్నాయి, పడిన నీటిలోనూ ఫ్లోరైడు బాధ. కన్నడిగులు కెరె అనీ తెలుగువారు చెరువు అనీ పిలిచే ఆ ఎండిన గుంతలను నింపడానికి కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి పంపే పథకాలు చేపట్టింది. కోరమంగల, చల్లఘట్ట లోయ పథకం దినానికి 44 కోట్ల లీటర్లకు రూపొందింది. 2018 జూన్‌లో ఆ నీరు కోలారు చెరువుల వైపు పారడం మొదలయింది. జులైలో నురగ కనిపించడంతో హైకోర్టు కొంతకాలం నిలిపివేసింది. అనంతరం మళ్లీ సాగింది. హెబ్బాళ, నాగవార లోయ నుంచి చిక్కబళ్లాపురం వైపు వచ్చే పథకం సామర్థ్యం దినానికి 21 కోట్ల లీటర్లు. మూడవ దశ శుద్ధి చేయకుండా ఈ నీటిని భూమిలోకి ఇంకనివ్వడం ప్రమాదమన్న వాదన రైతు సంఘాలలో బలంగా ఉంది. చెరువులు నిండి బోర్లు తేరుకున్నాయన్న మాట కూడా అదే రైతుల నోట వినవస్తుంది. ఒకే ఊరిలో ఒకే మనిషి ఉదయం ఒకటీ సాయంత్రం ఒకటీ అనడం కద్దు. దప్పిక అలాంటిది.

హరిత ధ్రువపత్రం మురుగునీటిని భవనంలోనే శుద్ధి చేసి మరుగుదొడ్లకూ తోటలకూ శీతలీకరణకూ తిరిగి వాడమంటుంది. అలా వాడినందుకు పాయింట్లు ఇస్తుంది. ఇది మంచిదే, కావేరి మీదా బోర్ల మీదా భారం తగ్గుతుంది. కానీ నగరంలోని భవనాలన్నీ విస్తరిస్తూ, తమ మురుగును తామే వాడుకుంటే లోయల్లోకి పారే నీరు ఆ మేరకు తగ్గుతుంది. లోయల నీటి మీద ఆశలు పెట్టుకున్న చెరువులకు ఆ మేరకు కోత పడుతుంది. ధ్రువపత్రం గీసిన సరిహద్దు ప్రహరీ గోడ దగ్గర ఆగుతుంది. చింతామణి చెరువు దాని గీతలో లేదు. దీనికి భవన యజమానిని తప్పుపట్టడం న్యాయం కాదు. నగరం మొత్తానికీ, దాని దిగువ చెరువులకూ కలిపి నీటి లెక్క రాయవలసింది ప్రభుత్వం. అలాంటి లెక్క ఒక్కటి ప్రజల చేతికి రానంత కాలం ప్లాటినం పలకలు గోడల మీద ఎన్ని మెరిసినా పల్లెకు ఒనగూరేదేమిటో తేలదు.

రాయి, ఇటుక, నేల

సామగ్రి విషయంలో మరో వింత ఉంది. స్థానికంగా దొరికిన సామగ్రిని వాడితే దూరపు రవాణా తగ్గుతుందని లీడ్ ప్రోత్సహిస్తుంది. 2009 నాటి కూర్పులో స్థానికం అంటే 500 మైళ్లు, సుమారు 800 కిలోమీటర్లు. ఆ లెక్కన బెంగళూరు భవనానికి విజయవాడ సరుకు కూడా స్థానికమే. నాలుగవ కూర్పులో ఈ దూరాన్ని 160 కిలోమీటర్లకు కుదించారు. దీనితో చిక్కబళ్లాపురం కంకర, కోలారు గ్రానైటు, హిందూపురం వైపు సరుకు వృత్తంలోపల నిలిచాయి. అనంతపురం పట్టణం వెలుపలికి జరిగింది. పత్రం మీద కిలోమీటర్లు తగ్గితే పల్లె మీద క్వారీల ఒత్తిడి పెరగవచ్చు. 2021 ఫిబ్రవరిలో చిక్కబళ్లాపురం జిల్లా హిరేనాగవల్లి వద్ద జిలెటిన్ పేలి ఆరుగురు మరణించిన ఘటన ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. ఆ రాయి ఏ భవనానికి చేరేదో ఎవరికీ తెలియదు, ఏ భవనానికీ అంటగట్టడం తగదు కూడా. చెప్పవలసింది ఒక్కటే. రాయి ఎంత దూరం నుంచి వచ్చిందన్న ప్రశ్నతో పాటు ఎలా తవ్వారన్న ప్రశ్న కూడా అంతే గట్టిగా అడగాలి. కొత్త కూర్పులలో ముడిసరుకు మూలం వెల్లడించడానికి పాయింట్లు ఉన్నాయి. అవి ఐచ్ఛికం.

ఉన్న భవనాన్ని విస్తరించడంలో ఒక పెద్ద మేలు ఇక్కడే ఉంది. పాత పునాది, పాత స్తంభాలు, పాత పైకప్పు అలాగే ఉంటే అంత సిమెంటు, అంత ఉక్కు కొత్తగా అక్కరలేదు. కూల్చి కొత్తగా కట్టిన ప్లాటినం భవనం కన్నా నిలిపి పెంచిన గోల్డ్ భవనం భూమికి తక్కువ భారమైన సందర్భాలు ఉండగలవు. తాతల నాటి మట్టిగోడలకు సున్నం కొట్టి, వెనుక గది వేసుకుని మూడు తరాలు గడిపిన రాయలసీమ ఇంటికి ఈ సూత్రం కొత్త కాదు.

భూమి మాటకు వస్తే, భవన విస్తరణ గోడల దగ్గర మొదలైనా ఊళ్ల దగ్గర ముగుస్తుంది. విమానాశ్రయం చుట్టూ పరిశ్రమల కోసం దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో 1,777 ఎకరాల సేకరణకు కర్ణాటక ప్రభుత్వం పూనుకోగా రైతులు వెయ్యి రోజులకు పైగా ఆందోళన సాగించారు. 2025 జులై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ సేకరణను విరమిస్తున్నట్టు ప్రకటించారు. వెనువెంటనే ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ బెంగళూరు పక్కనే తమ వద్ద ఎనిమిది వేల ఎకరాలకు పైగా సిద్ధంగా ఉందని వైమానిక పరిశ్రమలను ఆహ్వానించారు. అటు వద్దన్నది ఇటు రమ్మనడంలో రాజకీయం ఎంత ఉన్నా, సరిహద్దుకు ఇటువైపు రైతు గ్రహించవలసింది ఉంది. రాబోయే భవనాలన్నిటికీ హరిత ముద్ర ఉంటుందని వాగ్దానాలు వినిపిస్తాయి. ముద్ర భవనానికే గాని, అది నిలిచే ఊరి బోరుకు కాదు.

ఫ్లాటు కొనేవారికి

బెంగళూరులో ఉద్యోగం చేసే పిల్లల కోసం పొలం అమ్మి ఫ్లాటు కొనే కుటుంబాలు సరిహద్దు మండలాల్లో తక్కువేమీ కాదు. అమ్మకందారు చూపే కరపత్రంలో ఆకు బొమ్మ, దాని పక్కన గోల్డో ప్లాటినమో ఉంటుంది. దశలవారీగా కట్టే పెద్ద సముదాయాల్లో మొదటి రెండు బ్లాకులకు వచ్చిన ధ్రువపత్రాన్ని ఆరవ బ్లాకు కరపత్రం మీద అచ్చువేయడం కష్టమైన పని కాదు. కాబట్టి పత్రం నకలు అడిగి చూడాలి. దానిమీద ఏ బ్లాకు పేరుంది, ఏ సంవత్సరం, ఏ పద్ధతిలో ఏ కూర్పు, ముందస్తుదా తుదిదా, గడువు ఉన్నదా అన్నవి కనబడతాయి. గృహ పద్ధతిలో ఇచ్చే రేటింగుకు అయిదేళ్ల గడువు ఉంటుంది. కొత్త బ్లాకులు వచ్చాక శుద్ధి కేంద్రం సామర్థ్యాన్ని పెంచారా అన్నది మరీ ముఖ్యం. రెండు వందల ఇళ్లకు కట్టిన కేంద్రానికి నాలుగు వందల ఇళ్ల మురుగు వదిలితే పొదుపు మాట దేవుడెరుగు, వాసనకు కిటికీ తెరవలేరు. నెలవారీ నిర్వహణ రుసుము ఎందుకు పెరిగిందో అప్పుడు తెలుస్తుంది.

ధ్రువపత్రం స్వచ్ఛందమైనా విస్తరణకు చట్టం వేరే ద్వారం పెట్టింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణాలకు ముందస్తు అనుమతి కావాలి. అనుమతి పొందిన ప్రాజెక్టును ఆ హద్దు దాటి విస్తరిస్తే మళ్లీ అడగాలి. హరిత రేటింగుకు నమోదైన భవనాల దరఖాస్తులను వరుస తప్పించి ముందుగా పరిశీలించే సౌలభ్యాన్ని కేంద్ర పర్యావరణ శాఖ కల్పించింది. స్వచ్ఛంద పత్రానికి ఉన్న వ్యాపార విలువ కొంతవరకు ఇక్కడినుంచే వస్తుంది. పత్రాన్ని బట్టి క్యూ తగ్గించినప్పుడు, పత్రంలోని వాగ్దానాలు తరువాత నిలబడ్డాయో లేదో చూసే ఏర్పాటు కూడా అంతే చురుకుగా ఉండాలి. ఆ చురుకుదనం మాత్రం కొరవడింది.

మామూలు భవన నిర్మాణాలకు ఈ ప్రకటన కింద ప్రజాభిప్రాయ సేకరణ లేదు. విమానాశ్రయాలకు సాధారణంగా ఉంటుంది. ప్రాజెక్టు ఉన్న జిల్లాలో, కనీసం ముప్పై రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇచ్చి ఆ సభ జరపాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. దేవనహళ్లి విషయంలో ఆ భాష కన్నడం. బాగేపల్లి, గౌరిబిదనూరు, చింతామణి ప్రాంతాల తెలుగు ఇళ్లలో కన్నడం చదవలేని పిల్లవాడు అరుదు. అలాంటి సారాంశం చేతికి వచ్చిన రోజున రంగుల బొమ్మలున్న మొదటి పుటలు దాటి, విస్తరణకు ముందు వెనుకల మొత్తం నీటి అవసరం దినానికి ఎన్ని లీటర్లో చెప్పే పట్టికను, అందులో శుద్ధి చేసిన నీరెంత, బయటినుంచి తెచ్చేదెంత, ఎక్కడినుంచి అన్న గడులను ఇంట్లో పెద్దలకు తెలుగులో చదివి వినిపించాలి.